బొద్దోడికి చావు లేదు

కిందటేడు ప్రదర్శనలో కోడలికి జరిగినదాన్ని అవమానం అని ఎవరూ అనరు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ వంక పెట్టలేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు. ఆ మర్యాదే ఆమెను ఏడాదిపాటు కాల్చుకు తింది.

ఆమె పాత గేమ్ మిషన్లకి కొత్త ఆటలు తయారు చేస్తుంది. రెండు చేతుల్లో ఇమిడిపోయే మిషన్లవి. బిస్కెట్టంత తెర, నాలుగే నాలుగు రంగులు, ఆ నాలుగూ పాచి పట్టినట్టుండేవే. కంపెనీలు వాటిని చేయడం ఎప్పుడో మానేశాయి. కానీ చిన్నప్పుడు వాటితో ఆడుకున్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యాక అటకల మీంచి దింపి, దుమ్ము దులిపి, మళ్ళీ ఆడుకుంటున్నారు. అలాంటివాళ్ళంతా ఏడాదికోసారి ఒక హాల్లో కలుస్తారు. ఆ ప్రదర్శన నడిపే పెద్దాయనకి సొంతంగా చిన్న వర్క్‌షాపు ఉంది. వచ్చిన ఆటల్లో మనసుకి నచ్చినదాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని, మిషన్లో దోపి ఆడే పాతకాలం క్యాసెట్‌లా అచ్చంగా తయారుచేసి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతాడు. ఆ అట్టపెట్టె మీద తన ఆట బొమ్మ చూసుకోవాలన్నది కోడలి కోరిక.

ఇంట్లోనే కాదు, వాళ్ళుండే మేడలో మిగతా వాటాలవాళ్ళంతా ఆమెను కోడలనే అంటారు. పెళ్ళయి వచ్చిన మొదటి రోజు అత్తగారు మేడ మెట్ల మీద నిలబడి "ఇదిగో మా కోడలు" అని కేకేసి చెప్పింది, అంతే, ఆ పేరే అతుక్కుపోయింది. మొగుడు కూడా ఉడికించాలనుకున్నప్పుడు "కోడలుగారూ" అనే పిలుస్తాడు.

ఆమె ఆటలో ఒక బొద్దుగా ఉండే మనిషి ఉంటాడు. అందరూ వాణ్ణి బొద్దోడు అనేస్తారు. వాడు చేతిలో లాంతరు పట్టుకుని, గెంతుకుంటూ, దూకుకుంటూ, సముద్రపు ఒడ్డున గది మీద గదిగా లేచిన ఒక పెద్ద దీపస్తంభం ఎక్కి, పైనున్న దీపం వెలిగించాలి. అరలు విరిగిపోతుంటాయి, మెట్లు జారిపోతుంటాయి, పిట్టలు పొడుస్తుంటాయి. మూడు లైఫ్‌లు. మూడూ అయిపోతే తెర నల్లబడి గేమ్ ఓవర్ అని పడుతుంది.

కిందటేడు ఆమె బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ ఆ నల్లతెరే కనిపించింది. మిషన్ చేతికి తీసుకునేవాళ్ళు, ముచ్చటగా చూసేవాళ్ళు, మొదటి గది దాటేవాళ్ళు, రెండో గదిలో మూడుసార్లు పడేవాళ్ళు, బల్ల మీద పెట్టేవాళ్ళు. "బాగుందండీ" అని పక్క బల్లకి వెళ్ళిపోయేవాళ్ళు. పెద్దాయన కూడా అంతే. రెండో గదిలోనే ఆయన బొటనవేళ్ళు బటన్ల మీంచి లేచిపోయాయి. బొమ్మలు చక్కగా గీశారమ్మా, వచ్చే ఏడు మళ్ళీ తీసుకురండి అన్నాడు. సాయంత్రం మిషన్ సంచిలో పెట్టుకుంటూ, రోజంతా ఎవరూ రెండోసారి ఆడలేదన్న సంగతి కోడలు గ్రహించింది.

ఆట మరీ కష్టంగా ఉందేమో అనుకుని కొన్ని గోతులు పూడ్చింది. మొగుడి చేతికిచ్చింది. అతను ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాడు, షిఫ్టు నుంచి రాగానే సోఫాలో కూలబడి ఆడాడు. ఈసారి నాలుగో గదిలో మూడు లైఫ్‌లూ పోయాయి. "చాలా బాగుంది" అని పక్కన పెట్టేసి స్నానానికి వెళ్ళాడు. బాగున్నదాన్ని ఎవరైనా అంత తేలిగ్గా పక్కన పెడతారా అని కోడలికి ఒళ్ళు మండింది.

ఆ రోజుల్లోనే అత్తగారు వచ్చి దిగింది.

అత్తగారు ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పిన మనిషి. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, వణికే చేతులతో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళని రోడ్ల మీదికి తోలిన మనిషి. గొంతు ఖంగున మోగుతుంది. ఓడిపోవడమంటే బొత్తిగా గిట్టదు. పేకాటలో ముక్కలు దాచేస్తుందని చుట్టాలంతా చెప్పుకుంటారు. అలాంటావిడ బాత్రూంలో కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక, వేళ్ళు బిగుసుకుపోకుండా ఆడిస్తూ ఉండాలని చెప్పి డాక్టరు ఒక మెత్తటి బంతి ఇచ్చాడు. ఆ బంతి అంటే ఆవిడకి పరమ అసహ్యం. రెండు నిమిషాలు పిసికి, సోఫా కిందికి దొర్లించేసి, కనిపించడం లేదనేది.

కొడుకు చూసి చూసి తన చిన్నప్పటి గేమ్ మిషన్ తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. బొటనవేళ్ళకి ఇంతకన్నా మంచి కసరత్తు లేదన్నాడు. అందులో కోడలి ఆటే ఉంది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆడింది. మొదటి గదిలో పిట్ట పొడిచింది, పడింది. "అదేంటి, అడ్డమొచ్చింది?" అంది. మళ్ళీ పడింది. మూడోసారీ పడింది. తెర నల్లబడింది. ఆవిడ మిషన్‌ని బల్ల మీద పెట్టి, తనంతట తనే సోఫా కిందికి వంగి బంతి వెతుక్కుంది.

కోడలు అది చూసి ఉండలేకపోయింది. "ఇంకోసారి ఆడొచ్చుగా అత్తయ్యా?"

"నన్ను దింపేసింది కదమ్మాయ్. దింపేశాక బండి వెనకాల పరిగెత్తే అలవాటు నాకు లేదు."

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. కిందటేడు హాల్లో మర్యాదగా వెళ్ళిపోయినవాళ్ళంతా ఒక్కసారి కళ్ళముందు కదిలారు. అందరినీ తనే దింపేసింది. ఎక్కమని పిలిచిందీ తనే, మెట్టు మీద కాలు పెట్టగానే చెయ్యి పట్టి దించేసిందీ తనే.

మర్నాడు కూర్చుని లైఫ్‌లు మొత్తం తీసేసింది. బొద్దోడు పడితే, పడ్డ చోటే దులుపుకుని లేస్తాడు. ఇక గేమ్ ఓవర్ అన్నదే లేదు. ఎంతో ఆశగా అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పినతల్లి కూతురితో ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో మాట్లాడుతూనే మొత్తం దీపస్తంభం ఎక్కేసింది. పడింది, లేచింది, పడింది, లేచింది, తెర వంక సరిగ్గా చూసింది కూడా లేదు. పైన దీపం వెలిగింది. "అయిపోయిందా?" అని ఫోను పక్కకి తీసి అడిగి, మళ్ళీ కబుర్లలో పడిపోయింది.

ఏడిస్తే ఏడ్చిందంటారని ఊరుకుంది గానీ, ఆ పూట కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

పారేద్దామన్నంత కోపం తగ్గాక, మొగుడి పాత పెట్టె బయటికి లాగింది. అందులో అతని చిన్నప్పటి క్యాసెట్లున్నాయి, పేర్ల కాగితాలు చిరిగిపోయి, అంచులు పళ్ళతో కొరికి ఉన్నాయి. ఒక్కొక్కటే మిషన్లో పెట్టి చూసింది. వాటిలో కొన్నింట్లో హీరోకి చావన్నదే లేదు. అలాగని శిక్ష లేకపోలేదు. ఒకదాంట్లో దెబ్బ తగిలితే ఏరుకున్న నాణేలన్నీ చిల్లర మూట విప్పినట్టు చెల్లాచెదురైపోతాయి. ఇంకోదాంట్లో కందిరీగ కుడితే ముఖం పూరీలా ఉబ్బిపోయి, గాల్లోకి తేలిపోయి, కప్పుకి గుద్దుకుని, బయల్దేరిన చోటికే వచ్చి పడతాడు. మరోదాంట్లో తోకకి నిప్పంటుకుంటే, ఆపుదామన్నా ఆగకుండా అటూ ఇటూ పరుగే పరుగు. ఇంకోటి అన్నిటికన్నా దుర్మార్గం: పట్టు తప్పితే కింద అంతస్తు, అక్కడ తప్పితే ఇంకా కింద అంతస్తు.

తను ఆడి, అత్తగారిచేత ఆడించింది. ఈసారి తెర వైపు చూడలేదు. పక్కన కూర్చుని అత్తగారి ముఖమే చూసింది. నాణేలు చెదిరిపోయినప్పుడు ఆవిడ పళ్ళు నూరింది. ముఖం ఉబ్బి తేలిపోయినప్పుడు, ఛీ నీ మొహం మండ అని తిట్టి, వెంటనే తనే ఫక్కున నవ్వింది. తోకకి నిప్పంటుకుంటే సోఫాలో కూర్చునే కాళ్ళు ముడుచుకుంది. అరగంట తిట్లు తిట్టింది గానీ మిషన్ మాత్రం చేతిలోంచి వదల్లేదు.

ఆ పాత ఆటలు చేసినవాళ్ళ కిటుకు కోడలికి మెల్లగా అర్థమైంది. వాళ్ళు ఆటగాడి దగ్గర్నుంచి చాలా లాక్కున్నారు. ఎక్కిన ఎత్తు లాక్కున్నారు, పోగేసుకున్నది లాక్కున్నారు, సమయం మింగేశారు, నలుగురిలో నవ్వులపాలు చేశారు. చేతిలో మిషన్ని మాత్రం లాక్కోలేదు.

ఉత్సాహం పట్టలేక మర్నాటికల్లా ఆటని మార్చేసింది. ఇక బొద్దోడు ఎక్కడ తప్పు చేసినా, దీపస్తంభం అడుగుదాకా దొర్లుకుంటూ వచ్చి పడతాడు. గేమ్ ఓవర్ లేదు. ఎక్కిందంతా మళ్ళీ ఎక్కాలి, అంతే.

అత్తగారు పొద్దున్న కాఫీ తాగి మొదలుపెట్టింది. భోజనాల వేళకి చివరి అంతస్తు దాకా వెళ్ళింది. ఇంకో రెండు దూకుళ్ళు దూకితే దీపమే. అక్కడ మెట్టు జారింది. బొద్దోడు దొర్లడం మొదలుపెట్టాడు. పొద్దుట్నుంచీ ఎక్కిన గదులన్నీ ఒకటొకటిగా పైకి జారిపోతుంటే ఆవిడ రెప్ప వాల్చకుండా చూస్తూ కూర్చుంది. వాడు అడుగున దబ్బున పడ్డాడు. అత్తగారు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. మిషన్ని సొరుగులో పెట్టి, సొరుగు మూసేసింది. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. కోడలు అడిగితే మణికట్టు నొప్పిగా ఉందంది. తిట్టడం కూడా మానేసిందంటే వ్యవహారం బాగా చెడిందని కోడలికి తెలిసిపోయింది.

ప్రదర్శన దగ్గర పడుతోంది. బయటికి గెంటితే పోతున్నారు, గెంటకపోతే పట్టించుకోవడం లేదు, పడేస్తే అలిగి కూర్చుంటున్నారు. ఇక చేతులెత్తేద్దామా అనుకుంది కోడలు.

అలా ఉండగా అత్తగారిని మణికట్టు చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన రోజు వచ్చింది. మొగుడికి ఆ పూట షిఫ్టు మార్చుకోవడం కుదరలేదు. కారు మేడ కింద నీడలో ఉంది. అత్తగారు ఇంకా స్టీరింగ్ తిప్పే స్థితిలో లేదు. తాళాలు తెచ్చి కోడలి ముందు పెట్టింది. నువ్వు నడుపు, నేను పక్కనుంటాను అంది.

కోడలికి లైసెన్సుంది, ధైర్యం లేదు. లైసెన్సు వచ్చిన కొత్తలో వంతెన ఎక్కే దారిలో, ఎత్తు మీద బండి ఆగిపోయింది. వెనక బళ్ళన్నీ ఒకటే హారన్లు. బండి వెనక్కి జారింది. ఎవరో దిగొచ్చి ఆమెను పక్కకి జరగమని, తనే బండి ఎక్కించి పెట్టాడు. ఆ రోజు డ్రైవరు సీట్లోంచి దిగినామె మళ్ళీ ఎక్కలేదు. ఇదంతా అత్తగారికి తెలుసు. తెలిసీ తాళాలు ముందు పెట్టింది.

వీధి దాటేసరికే రెండుసార్లు ఇంజిను ఆగింది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెద్ద రోడ్డెక్కారు. దూరంగా వంతెన కనిపించింది. వంతెన ఎక్కి దిగితే ఆస్పత్రే. ఎక్కే చోట బళ్ళు ఆగి ఆగి కదులుతున్నాయి. ఎడమకి తిప్పాల్సిన చోట కోడలు తిప్పలేకపోయింది. తిప్పలేదు అంటేనే నిజం. కారు తిన్నగా వెళ్ళిపోయింది.

"తప్పింది అత్తయ్యా."

"తప్పితే తప్పింది. తిన్నగా పోనీ. చుట్టు తిరిగి వద్దాం."

తిట్లకి సిద్ధపడ్డ కోడలు తిన్నగా పోనిచ్చింది. దారి ఒక ఫ్యాక్టరీ ప్రహరీ వెంటే సాగింది. అక్కడ కుడికి తిప్పమంది అత్తగారు. లారీలు నిలిపే సందు అది. సందు చివర చిన్న ఎత్తు ఉంది, ఎత్తు మీద బండి ఆపమంది. ఎవరూ లేరు వెనక. ఆపింది. తీసేటప్పుడు జారింది, ఇంజిను ఆగింది. మళ్ళీ తీయమంది. ఈసారి కదిలింది. ఇంకొంచెం ముందుకెళ్ళాక గిడ్డంగుల వెనక ఇంకో ఎత్తు, మొదటిదానికన్నా కాస్త నిటారు. అక్కడా ఆపమంది. ఒక లారీ వచ్చి వెనక నిలబడింది గానీ హారన్ కొట్టలేదు. కోడలు క్లచ్చి మీంచి పాదం మెల్లగా ఎత్తింది, కారు ముందు కొంచెం వణికింది, సాఫీగా ఎక్కింది. ఆ చుట్టుదారంతా తిరిగి మళ్ళీ అదే పెద్ద రోడ్డు మీదికి, అదే మలుపు దగ్గరికి వచ్చారు. ఈసారి ఎడమకి తిప్పింది. వంతెన మీద ముందు బండి ఆగింది, తనూ ఆగింది. ముందు బండి కదిలింది, తనూ కదిలింది. అంతే. పైకెక్కి, అటు దిగిపోయింది.

ఆస్పత్రికి వెళ్ళేసరికి వేళ దాటిపోయింది. నర్సు ముఖం మాడ్చుకుని, ఇక వరస చివర కూర్చోమంది. అత్తగారు తీరిగ్గా కూర్చుని పాత కబుర్లెత్తుకుంది. మలుపు తప్పినవాళ్ళని తనెప్పుడూ బండి దిగమనలేదట. సీటు మార్చుకుని తను నడిపిందీ లేదట. ప్రతి మలుపుకీ ఒక చుట్టుదారి ముందే చూసి పెట్టుకునేదట. రివర్సు రానివాడికి ఒకటి, ఎత్తుకి భయపడేవాళ్ళకి ఒకటి, మలుపులో తడబడేవాళ్ళకి ఇంకోటి.

"తప్పినందుకు దూరం పడుతుంది, ఆ శిక్ష చాలు," అంది ఆవిడ. "ఆ దూరంలో రానిది కాస్త వచ్చేట్టు చేయకపోతే, తిప్పిందంతా దండగే. పెట్రోలు కాల్చుకోవడానికా?"

కోడలు ఇంకేమీ వినలేదు. మందుల చీటీ పెట్టుకున్న కాగితం సంచి మీద పెన్నుతో గబగబా గీయడం మొదలుపెట్టింది. దీపస్తంభం గీసింది. దాని పక్కనే, మెట్ల కిందుగా, గోడల లోపల ఒక ఇరుకు దారి గీసింది. తప్పు చేస్తే బొద్దోడు అడుగుదాకా పోడు. మెట్ల కిందికి పోతాడు. ఆ దారి చుట్టుదారి. ఏ దూకుడు దగ్గర తప్పాడో, ఆ దారిలో అలాంటి దూకుళ్ళే ఉంటాయి, ముందు చిన్నది, తర్వాత కాస్త పెద్దది. అవి దాటితే, పడ్డ చోటికే మళ్ళీ తేలతాడు. నర్సు లోపలికి పిలిచినా కోడలికి వినపడలేదు. అత్తగారే లేచి ఒక్కతే వెళ్ళొచ్చింది.

అయితే గీసినంత తేలిక కాదు చేయడం. ఆ పాత మిషన్ క్యాసెట్లో పట్టేది పిడికెడు. ఉన్న గదులకే కిక్కిరిసిపోయింది, కొత్తగా చుట్టుదారి గదులు ఎక్కడ పెట్టాలి? కోడలు రోజులకి రోజులు దానితో కుస్తీ పట్టింది. చివరికి ఒక ఉపాయం తట్టింది. పైనున్న గదులనే ముక్కలు చేసి, కుడిది ఎడమకి తిప్పి, చీకటి చేసేసింది. పడగానే బొద్దోడి లాంతరు కొడిగడుతుంది, వాడి చుట్టూ చిన్న వెలుగు మాత్రమే మిగులుతుంది. ఆ చీకట్లో అవి పాత గదులేనని ఎవరూ పోల్చుకోలేరు. అయినా చోటు చాల్లేదు. మొదట్లో వచ్చే సముద్రం బొమ్మ, నెలరోజులు కూర్చుని గీసుకున్నది, తీసేసింది. ఆమెకెంతో ఇష్టమైన పాట ఒకటి తీసేసింది. తీసేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది గానీ, అది పోయిన చోట బొద్దోడు పడ్డాక పిరుదులు రుద్దుకుంటూ లేచే బొమ్మ సరిగ్గా పట్టింది.

మిషన్ని మళ్ళీ అత్తగారి ముందు పెట్టింది. నొప్పి అంటుందేమో అనుకుంది. ఆవిడ అనుమానంగా చూసి, సరే ఇటివ్వు అంది. రెండో గదిలో పడింది. తెర మసకబారింది. సొరుగు వైపు చూసింది కోడలు. ఇంతలో బొద్దోడు మెట్ల కింద పిరుదులు రుద్దుకుంటూ లేచాడు. "ఓహో, ఇక్కడికొచ్చావా," అని అత్తగారు సోఫాలో ముందుకి జరిగింది. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి, చిన్న దూకుడు దూకి, పెద్దది దూకి, పైకి తేలి, ఇందాక పడ్డ చోట ఈసారి సునాయాసంగా దాటేసింది. "చూశావా? చూశావా?" అంది ఎవరితోనో. మళ్ళీ ఇంకో చోట పడింది. దొంగ వెధవా, నీ అంతు చూస్తానుండు అని బొద్దోడికి వార్నింగిచ్చింది.

వంటింట్లో పాలు పొయ్యి మీద ఉన్నాయి. వాటిని తనే చూసుకుంటానని చెప్పింది అత్తగారే. అవి చిటపటలాడి, పొంగి, పొయ్యంతా పారాయి. మాడు వాసన హాలు దాకా వచ్చింది. ఆవిడ కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ కోడలికి వెళ్ళి పొయ్యి కట్టేయాలని తట్టడానికి కొంచెంసేపు పట్టింది. మాడిన గిన్నె తోముతూ ఆమె పెట్టిన కూనిరాగం, షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన మొగుడికి అంతు చిక్కలేదు.

ప్రదర్శన రోజు వచ్చింది. అదే హాలు, అవే బల్లలు. అత్తగారు నేనూ వస్తానని పట్టుబట్టి, మంచి చీర కట్టుకుని, బల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకి ముందే ఏమీ చెప్పొద్దని కోడలు ఒట్టు వేయించుకుంది. ఆవిడ నోరు కట్టేసుకోవడానికి పడ్డ పాట్లు చూడాల్సిందే.

పొద్దున్నే పెద్దాయన ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చాడు. బొద్దోణ్ణి గుర్తుపట్టి నవ్వాడు. గేమ్ ఓవర్ తీసేశానని కోడలు చెబితే ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. "పోతామన్న భయం లేకపోతే ఆటలో ఏముంటుందమ్మా?" అన్నాడు.

కిందటేడైతే కోడలు ఏదో సర్దిచెప్పేది. ఈసారి మిషన్ని ఆయన చేతిలో పెట్టింది. "ఆడి చూడండి," అంది.

ఆయన నిలబడే ఆడాడు. రెండో గదిలో, కిందటేడు పడ్డ చోటే పడ్డాడు. బొటనవేళ్ళు బటన్ల మీంచి లేచాయి. తెర మసకబారింది, బొద్దోడు పిరుదులు రుద్దుకుంటూ లేచాడు. పెద్దాయన ముక్కుతో ఒక నవ్వు నవ్వాడు. వేళ్ళు మళ్ళీ బటన్ల మీదికి దిగాయి. చీకటి దారి దాటాడు, పైకి తేలాడు, పడ్డ చోటే నిలబడి దూకాడు, దాటాడు. అప్పుడు ఆయన చుట్టూ చూసి, ఎవరినీ అడక్కుండా, అత్తగారి పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇక లేవలేదు. మైకు దగ్గరికి రమ్మని ఎవరో వచ్చి పిలిస్తే, తల ఎత్తకుండానే చెయ్యి ఊపాడు. పడ్డప్పుడల్లా అబ్బా అనేవాడు, దాటినప్పుడల్లా కుర్చీలో ఓసారి ఎగిరేవాడు. అంత పెద్దమనిషి అలా ఎగరడం చూసి జనం మూగారు. వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళ భుజాల మీంచి తొంగి చూశారు. బొద్దోడు పడితే అందరూ కలిసి ఉసూరుమన్నారు, పైకి తేలితే అందరూ కలిసి హమ్మయ్యన్నారు. అత్తగారు ఒట్టు మర్చిపోకుండా పెదాలు బిగించి కూర్చుంది గానీ, ఆవిడ కుడికాలు మాత్రం నేల మీద లేని బ్రేకుని నొక్కుతూనే ఉంది.

ఆయన చివరి అంతస్తు దగ్గరికి చేరుతుండగా మిషన్ మీద ఎర్రదీపం సన్నగిల్లింది. బ్యాటరీలు అయిపోవచ్చాయి. ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే చోటు ఆ క్యాసెట్లో లేదు. బ్యాటరీలు మార్చాలంటే ఆపాలి, ఆపితే ఇప్పటిదాకా ఎక్కిందంతా గాలికి పోతుంది. నోరు తెరిచి చెప్పేలోపే తెర వెలిసిపోయి, ఆరిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. తనేం చేసినా చివరికి ఈయన చేతిలోంచి ఆటని లాక్కున్నట్టే అయింది కదా అని కోడలు నిలువునా నీరుకారిపోయింది. క్షమించమని అడగబోయింది.

పెద్దాయన ఆరిపోయిన తెర వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆమె వైపు చెయ్యి చాచాడు.

"బ్యాటరీలున్నాయా అమ్మా? మొదట్నుంచీ ఎక్కుతాను. ఇప్పుడు దారి తెలుసుగా."

ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. కోడలు బ్యాటరీలు వేసింది. తొందరలో ఒకటి తిరగేసి పెడితే అత్తగారు సరిచేసింది. పెద్దాయన మొదలుపెట్టాడు. పొద్దుట్నుంచీ పడుతూ లేస్తూ ఎక్కిన గదులన్నీ, ఆ మనిషి ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాడు. పిట్ట వచ్చే ముందే వంగుతున్నాడు, మెట్టు జారే ముందే దూకుతున్నాడు. ఒకే ఒక్కసారి తప్పాడు, మెట్ల కిందకి వెళ్ళి అంతే వేగంగా పైకొచ్చాడు. చీకట్లో నేర్చుకున్నదంతా ఆయన బొటనవేళ్ళలో ఉందని చూస్తున్న అందరికీ తెలుస్తూనే ఉంది. చివరి దూకుడు. బొద్దోడు అంచు పట్టుకుని వేలాడి, బొజ్జని పైకి లాక్కుని, లాంతరు ఎత్తాడు. దీపం వెలిగింది. ఆ పాచిరంగు తెర మొత్తం లేతబడి మెరిసింది.

హాలు దద్దరిల్లిపోయింది. పెద్దాయన లేచి నిలబడి మిషన్ని నెత్తిమీదికెత్తి అందరికీ చూపించాడు, తనే కనిపెట్టినట్టు. కోడలికి నవ్వొస్తోంది, కళ్ళు మసకబారుతున్నాయి, ఏది ముందో తెలియడం లేదు. ఈ ఏడు క్యాసెట్ చేసేది ఇదేనని ఆయన మైకు దాకా వెళ్ళకుండా అక్కడే గట్టిగా చెప్పేశాడు. పక్క బల్లలవాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఊపారు. పొద్దున తనన్న మాటకే ఆయన చిన్న దిద్దుబాటు చేశాడు: భయం పెట్టారు గానీ, పోతామన్న భయం కాదు, ఇందాకటి తప్పే మళ్ళీ చేస్తానేమోనన్న భయం పెట్టారు, అదే మనిషిని కుర్చీలో కట్టేసింది అన్నాడు.

అత్తగారికి మాత్రం ఒక బాధ మిగిలిపోయింది. చుట్టుదారి పెట్టినప్పట్నుంచీ ఆడుతున్నా ఆవిడ ఆ చివరి దూకుడు ఇంకా దాటలేదు. నిన్నగాక మొన్న పట్టుకున్నవాడు తనకన్నా ముందు దీపం వెలిగించడమా అని ఒంటికాలి మీద లేచి, మిషన్ ఇటివ్వమంది. బల్ల ముందు అప్పటికే పొడుగాటి వరస కట్టింది. వరసలో ముందున్నావిడ, మీరు కూడా వెనక నిలబడాలండీ అని మెత్తగా చెప్పింది. ఇది మా కోడలు చేసిన ఆట అంది అత్తగారు, చెప్పకూడదన్న ఒట్టు ఇక్కడితో సరి అన్నట్టు, హాలంతా వినబడేలా. అయినా వరస కదల్లేదు. చేసేది లేక ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని వెళ్ళి చివర నిలబడింది. నిలబడ్డంతసేపూ మణికట్టు గుండ్రంగా తిప్పుకుంటూ, బొటనవేళ్ళు ఆడించుకుంటూనే ఉంది.

షిఫ్టు ముగించుకుని సాయంత్రానికి మొగుడు వచ్చేసరికి వరస గుమ్మం దాకా ఉంది. కోడలు అతన్ని చూసి చెయ్యి ఊపింది గానీ బల్ల దగ్గర్నుంచి రాలేకపోయింది. రెండో గదిలో పడిన ఒకతను చీకటి దారిలోంచి అప్పుడే పైకి తేలుతున్నాడు, అతను దాటేదాకా ఆమె కళ్ళు తిప్పుకోలేదు.